లాక్రాస్ పోటీలకు ఫోటోలు తీసే పని వచ్చింది: బెంగళూరులో ఈ ఆట తీసినవారు ఎవరైనా ఉన్నారా?

వేపచెట్టు నీడ
సోమవారం, రాత్రి 10:15

సభ్యులందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. ఆరేళ్లుగా బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటున్నాను. మూడేళ్ల క్రితం ఉద్యోగం మానేసిన నాటి నుంచి ఆటల ఫోటోలే నాకు జీవనాధారం. పాఠశాలల క్రీడోత్సవాలు, కంపెనీల క్రికెట్ పోటీలు, ఆదివారం ఉదయపు పది కిలోమీటర్ల పరుగులు, అప్పుడప్పుడూ శాంతినగర్ హాకీ మైదానంలో లీగ్ పోటీలు, ఇదీ నా పని.

నిన్న ఒక నిర్వాహక సంస్థ వారు ఫోన్ చేశారు. వచ్చే శని, ఆదివారాల్లో యలహంక అవతల ఒక కళాశాల మైదానంలో లాక్రాస్ (చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి, విసిరి గోలు చేసే ఆట) ఆహ్వాన పోటీలు జరుగుతాయట. ఆరుగురు చొప్పున ఆడే పద్ధతి. మహిళల జట్లు నాలుగు, పురుషుల జట్లు నాలుగు. రెండు రోజులకు కలిపి 24,000 రూపాయలు ఇస్తామంటే ఒప్పుకున్నాను. ఆ తరువాత కూర్చుని ఆట వీడియోలు గంటసేపు చూసినా, బంతి ఎవరి దగ్గర ఉందో నాకు అంతుపట్టలేదు. హాకీలో బంతి నేల మీద ఉంటుంది కాబట్టి కర్ర వంగిన చోటికి కన్ను దానంతట అదే పోతుంది. ఇక్కడ బంతి కర్ర చివరనున్న వలలో దాగి ఉంటుంది. అది ఎప్పుడు బయటికి వచ్చిందో తెలిసేలోపే గోలు పడిపోతోంది.

నా దగ్గర ఒక ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, 70-200 ఎఫ్2.8, 24-70 లెన్సులు, ఒక మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) ఉన్నాయి. దూరంగా ఉన్నవాటిని ఇంకా దగ్గరగా చూపే 400 ఎఫ్2.8 లెన్సు అద్దెకు తీసుకోవాలా, ఉన్నదానితో సరిపెట్టుకోవచ్చా? గోలు వెనుక ఉండాలా, పక్క గీత మీద ఉండాలా? ఈ ఆటను తీసినవారు, ఆడినవారు, కనీసం దగ్గరగా చూసినవారు ఎవరున్నా దయచేసి చెప్పండి.

పెన్నా ఒడ్డు
మంగళవారం, ఉదయం 6:50

తమ్ముడూ, లాక్రాస్ నేను తీయలేదు. ఇరవై రెండేళ్లుగా హాకీ, అథ్లెటిక్స్ తీస్తున్నాను, మొదట చెన్నైలో, తరువాత ఇక్కడ. కాబట్టి లెన్సు, షట్టర్ సంగతులకే పరిమితమవుతాను.

400 అద్దెకు తీసుకోవద్దు. ఆరుగురి లాక్రాస్‌కు మైదానం 70 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పు మాత్రమే ఉంటుంది. మనం తీసే హాకీ మైదానం 91 మీటర్లకు పైగా పొడవు, 55 మీటర్ల వెడల్పు. మీరు మూలన కూర్చుంటే దగ్గరి గోలు ముందు ఆడేవాళ్లు మీకు దాదాపు 20 మీటర్ల దూరంలో ఉంటారు. ఆ దూరాన 200 వద్ద అడ్డంగా పట్టిన ఫ్రేములో 2.4 మీటర్ల ఎత్తు పడుతుంది, అంటే చేయి పైకెత్తిన మనిషి సరిగ్గా నిండుతాడు. అవతలి గోలు దగ్గర మనిషి ఫ్రేములో నాలుగో వంతు కూడా ఉండడు కాబట్టి ఆ సగాన్ని వదిలేసి, ఏ జట్టు ఏ వైపు దాడి చేస్తోందో చూసుకుంటూ విరామాల్లో చోటు మార్చుకోండి. అద్దె డబ్బులతో రెండో కెమెరా బాడీ ఒకటి తెచ్చుకుని దానికి 24-70 తగిలించుకుంటే, మీ కాళ్ల దగ్గరికి వచ్చిన ఆట కూడా దక్కుతుంది.

షట్టర్ వేగం విషయంలో రాజీ పడకండి. బంతి గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి, అంటే సెకనుకు 33 మీటర్లు. సెకనులో వెయ్యోవంతు షట్టర్ తెరిచి ఉంటే ఆ వ్యవధిలోనే బంతి 33 మిల్లీమీటర్లు కదులుతుంది. ఆ బంతి అడ్డుకొలత 63 మిల్లీమీటర్లు, అంటే సగం బంతి మేరకు చెదిరిపోయినట్టే. రెండువేలో వంతుకు తెస్తే అది 17 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. అందుకని 1/2000కు తక్కువ పెట్టకండి, ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) ఎంత పెరిగినా పెరగనివ్వండి. చిత్రంలో నూక (పొడి చల్లినట్టుండే చుక్కలు) కనిపించినా వాడుకుంటారు, చెదిరిన ముఖాన్ని ఎవరూ వాడుకోరు.

మరొక లెక్క కూడా గుర్తుంచుకోండి. సెకనుకు ఇరవై ఫ్రేములు తీసే కెమెరా అయినా రెండు ఫ్రేముల మధ్య ఆ బంతి 1.6 మీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. మీట నొక్కి పట్టుకుంటే బంతి దానంతట అదే దొరుకుతుందనే భరోసా ఈ ఆటలో లేదు. ఎప్పుడు నొక్కాలో ఆట తెలిసినవారే చెప్పాలి.

గోలు గడప
మంగళవారం, మధ్యాహ్నం 1:20

నాకు ఈ చర్చ చూడగానే చాలా సంతోషం కలిగింది. మాది విజయవాడ, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. మేరీలాండ్‌లో ఎంఎస్ చదివే రోజుల్లో క్లబ్ జట్టుకు రెండేళ్లు గోల్‌కీపర్‌గా ఆడాను. ఆ రాష్ట్రం 2004లో లాక్రాస్‌ను తన అధికారిక జట్టు క్రీడగా ప్రకటించుకుంది. మన వీధుల్లో పిల్లలు గోడకు గీతలు గీసి క్రికెట్ ఆడినట్టే, అక్కడ పిల్లలు సాయంత్రాలు గోడకు బంతి విసిరి కర్రతో పట్టుకుంటూ కనిపిస్తారు.

వేపచెట్టు గారూ, బంతి కోసం వెతకడం మానేసి మణికట్టును చూడండి. తన కర్ర వలలో బంతి ఉన్న అమ్మాయి పరిగెడుతున్నంతసేపూ కర్రను అటూ ఇటూ తిప్పుతూనే ఉంటుంది, లేకపోతే బంతి జారిపోతుంది. దీన్ని క్రేడ్లింగ్ అంటారు. మా అమ్మమ్మ కవ్వంతో మజ్జిగ చిలికేటప్పుడు చేతులు ఎలా కదిలేవో సరిగ్గా అదే కదలిక. మైదానంలో ఎవరి చేతులు చిలుకుతున్నాయో వారి దగ్గరే బంతి ఉంటుంది. చిలకడం ఆగి పై చేయి చెవి వెనక్కి వెళ్లిందంటే, ఇక విసరబోతోందన్నమాట. మీరు మీట నొక్కాల్సింది ఆ చేయి వెనక్కి వెళ్లినప్పుడు. ముందుకు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

కుడిచేతి వాటం ఉన్నవారు విసిరేటప్పుడు ఎడమ భుజం గోలు వైపు తిరుగుతుంది, ఛాతీ వారి కుడి పక్కనున్న గీత వైపు తెరుచుకుంటుంది. అంటే గోలు వైపు మూలన కూర్చుని మైదానంలోకి చూస్తున్న మీకు, గోలు కుడి పక్కన ఉండేలా చోటు ఎంచుకుంటే కుడిచేతి వారి ముఖాలు దొరుకుతాయి. ఎడమచేతి వారి కోసం రెండో మూలకు వెళ్లాలి. ఆట మొదలవక ముందు వారు సరదాగా విసురుకునేటప్పుడే ఎవరిది ఏ వాటమో రాసిపెట్టుకోండి.

ఆరుగురి పద్ధతిలో ఎనిమిదేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు. బంతి చేతికి వచ్చిన జట్టు ముప్పై సెకన్లలోపు గోలుకు విసిరి తీరాలి కాబట్టి మీకు దాడి చిత్రాల కొరత ఉండదు. అయితే గోలు పడ్డాక మధ్యలోకి వచ్చి మళ్లీ మొదలుపెట్టడం ఉండదు. గోల్‌కీపర్ గోలు వలలోంచి బంతి తీసి వెంటనే ఆట సాగిస్తుంది. ఫుట్‌బాల్‌లో లాగా గంతులు, కౌగిలింతల కోసం ఎదురుచూస్తే మీకు వెనక్కి పరిగెత్తే వీపులే మిగులుతాయి. సంబరం ఒకటి రెండు సెకన్లే, అదీ విసిరినవారి ముఖంలోనే ఉంటుంది. బంతి వెంట లెన్సు తిప్పకుండా, విసిరిన మనిషి మీదనే నిలపండి.

ఇంకొక విషయం, ఈ ఆటలో గోలు వెనుక కూడా ఆట జరుగుతుంది. అక్కడి నుంచి గోలు ముందున్నవారికి బంతి అందిస్తారు. గోలు వల గుండా చూస్తే గోల్‌కీపర్ వీపు, ఆమె భుజం మీదుగా దాడి చేస్తున్నవారి కళ్లు, ఇలాంటి చిత్రం మరే ఆటలోనూ దొరకదు. కానీ అక్కడ కూర్చోవడం ప్రమాదం. బంతి గట్టి రబ్బరు ముద్ద, బరువు దాదాపు 145 గ్రాములు. అగ్రశ్రేణి పురుషుల ఆటలో అది గంటకు 160 కిలోమీటర్లు దాటుతుంది. గోలు తప్పిన ప్రతి బంతీ వచ్చేది వెనక్కే. పైగా పదిమంది ఆడే ఫీల్డ్ లాక్రాస్‌లో, గోలుకు విసిరిన బంతి గీత దాటితే ఆ క్షణాన దానికి ఎవరు దగ్గరగా ఉంటే వారి జట్టుకే ఇస్తారు. అందుకని ఆ పద్ధతిలో ఇద్దరు ముగ్గురు మీ మీదికే పూర్తి వేగంతో పరిగెత్తుకొస్తారు. వల చిత్రం కావాలంటే చిన్న కెమెరాను బిగించి రిమోట్‌తో తీసుకోండి, మీరు మాత్రం అక్కడ ఉండకండి. రిఫరీని ముందుగా అడగడం మర్చిపోవద్దు.

కోలారు మామిడి
మంగళవారం, రాత్రి 9:05

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే బెంగళూరులో వాన ఎక్కువ. యలహంక వైపు మధ్యాహ్నం మూడు దాటితే మబ్బు కమ్ముతుంది, లెన్సుకు వాన తొడుగు, రెండు పాత తువ్వాళ్లు తప్పక పెట్టుకోండి. వాన వల్ల ఆట ఆలస్యమై దీపాలు వేస్తే మరో చిక్కు ఉంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి కొన్ని రకాల దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గానీ 1/2000 దగ్గర ఒక ఫ్రేము వెలుగుగా, తరువాతిది చీకటిగా, మరొకటి పసుపు చారలతో వస్తుంది. కెమెరాలో మినుకు నివారణ అమరిక ఉంటే దాన్ని వేసుకుని, మెకానికల్ షట్టర్ మీదనే తీయండి. సెన్సరు నెమ్మదిగా చదివే కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే తిన్నని కర్ర విల్లులా వంగి కనిపిస్తుంది, అది నేను బ్యాడ్మింటన్ రాకెట్ల విషయంలో స్వయంగా చూశాను.

వేపచెట్టు నీడ
బుధవారం, ఉదయం 8:30

అందరికీ కృతజ్ఞతలు. గోలు గడప గారి కవ్వం మాట చదివి రాత్రి మళ్లీ ఆ వీడియోలు చూశాను. మొదటిసారి బంతి ఎవరి దగ్గర ఉందో వరుసగా చెప్పగలిగాను.

ఈ ఉదయం నిర్వాహకుల నుంచి పని ఒప్పందం మెయిల్‌లో వచ్చింది. అందులో ఒక వాక్యం నన్ను కలవరపెడుతోంది. తీసిన ఫోటోలన్నిటి మీద సర్వహక్కులు శాశ్వతంగా సంస్థవేనని, ఫోటోగ్రాఫర్ వాటిని ఎక్కడా వాడుకోరాదని రాశారు. నా పనిని చూపించి మరో పని అడుక్కునే వీలు కూడా లేకపోతే ఎలా? సంతకం చేయకుండా మాట్లాడవచ్చా? అసలు చట్టం ఏం చెబుతోంది?

ఒప్పంద పత్రం
బుధవారం, రాత్రి 8:45

నేను న్యాయవాదిని. ఇది సాధారణ సమాచారమే, మీ పత్రం చూడకుండా ఇచ్చే సలహాగా తీసుకోవద్దు.

ఫోటో తీసినవారిదే హక్కు అని మనలో చాలామంది నమ్ముతారు. 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 17 అలా మొదలై, వెంటనే ఒక మినహాయింపు పెడుతుంది. ఒకరి కోరిక మీద, ప్రతిఫలం పుచ్చుకుని తీసిన ఫోటోకు, అందుకు విరుద్ధమైన ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారులు అవుతారు. అంటే మెయిల్‌లో ఆ వాక్యం లేకపోయినా, మీరు మౌనంగా ఉంటే ఫలితం దాదాపు అదే. తనంతట తానుగా మైదానానికి వెళ్లి తీసుకున్న ఫోటోకూ, పిలిపించుకుని డబ్బిచ్చి తీయించిన ఫోటోకూ ఇదే తేడా. కాబట్టి మీకు హక్కు కావాలంటే, కాపీరైట్ ఫోటోగ్రాఫర్ వద్దే ఉంటుందనే వాక్యం కాగితం మీదికి రావాలి, అదీ పని మొదలవక ముందే.

అలా కుదరకపోయినా రెండు సంగతులు తెలుసుకోండి. సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, అందులో గడువు రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. మీ పత్రంలో శాశ్వతం అనే మాట అందుకే చేర్చి ఉంటారు. రెండోది, సెక్షన్ 57 కింద ఈ చిత్రం నేను తీశానని చెప్పుకునే హక్కు కాపీరైట్ చేతులు మారినా మీకే మిగులుతుంది.

నా సూచన ఇది. హక్కు మీ వద్ద ఉంచుకుని, వెబ్‌సైటుకు, సామాజిక మాధ్యమాలకు, పత్రికలకు పంపడానికి రెండేళ్ల అనుమతి ఇవ్వండి. హోర్డింగులకు, వ్యాపార ప్రకటనలకు విడిగా మాట్లాడుకోవాలని రాయండి. ఎక్కడ వాడినా పేరు వేయాలని రాయండి. గొడవ పడే గొంతుతో కాకుండా, సవరించిన వాక్యాన్ని మీరే రాసి పంపితే చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే ఆ పత్రాన్ని వారు కూడా ఎక్కడి నుంచో తెచ్చి అంటించి ఉంటారు.

పెన్నా ఒడ్డు
గురువారం, ఉదయం 6:40

ఒప్పంద పత్రం గారు చెప్పింది సబబే. అయితే అనుభవం మీద ఒక మాట చేర్చాలి. హక్కు కాగితం మీద ఉన్నా డబ్బు చేతికి రాకపోతే ఇల్లు గడవదు. కొన్నేళ్ల క్రితం ఒక నిర్వాహక సంస్థకు మూడు రోజులు అథ్లెటిక్స్ తీశాను. నేను తీసిన హర్డిల్స్ చిత్రాన్ని నగరంలో పెద్ద హోర్డింగు మీద వేశారు, నా పేరు లేదు. పారితోషికం ఏడు నెలల తరువాత, నేను పదకొండుసార్లు ఫోన్ చేశాక వచ్చింది. ఆ హోర్డింగు కింద నుంచి రోజూ స్కూటర్ మీద వెళ్లేవాణ్ణి. ఇప్పటికీ ఆ కూడలి దగ్గర నా కన్ను పైకి పోతుంది.

కాబట్టి తమ్ముడూ, ముందు కొంత అడ్వాన్సు తీసుకో. మిగిలింది ఎన్ని రోజుల్లో ఇస్తారో రాయించుకో.

ఒప్పంద పత్రం
గురువారం, ఉదయం 9:10

పెన్నా ఒడ్డు గారి మాటకు చట్టంలో ఆధారం ఉంది. చిన్న సంస్థల నమోదుకు ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో ఒంటరి ఫోటోగ్రాఫర్ కూడా సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. అలా నమోదైనవారికి, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం, పని చేయించుకున్నవారు ఒప్పందంలో ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. ఫిర్యాదుకు ప్రభుత్వ పోర్టల్ ఉంది. పని ఒప్పుకోక ముందే నమోదు ఉండడం ముఖ్యం. బిల్లు మీద ఆ నమోదు సంఖ్య వేసి పంపండి.

ఉదయరాగం
గురువారం, మధ్యాహ్నం 3:30

నేను ఒక పత్రిక క్రీడా విభాగంలో పనిచేస్తాను. కెమెరా గురించి మాట్లాడలేను గానీ, మీ ఫోటో మా దగ్గరికి వచ్చాక ఏమవుతుందో చెప్పగలను. రోజూ రాత్రి తొమ్మిది తరువాత వందల చిత్రాలు వస్తాయి. అందులో మంచి చిత్రమే అయినా, ఎవరో తెలియని చిత్రాన్ని పక్కన పెట్టేస్తాం. క్రికెట్ అయితే ముఖం చూసి మేమే పేరు రాస్తాం. లాక్రాస్ ఆడే అమ్మాయిని మాలో ఎవరు గుర్తుపడతారు? ఆమె పేరు, జట్టు, ప్రత్యర్థి, ఏ క్వార్టరు, ఏ ఊరు, ఏ తేదీ అన్నవి ఫోటో ఫైలు లోపలే ఉండాలి. ఫైలు పేరులో రాస్తే మధ్యలో ఎవరో మార్చేస్తారు, విడిగా మెయిల్‌లో రాస్తే విడిపోతుంది. ఐపీటీసీ గడుల్లో (ఫోటో ఫైలు లోపలే వివరాలు దాచే చోట్లు) నింపండి.

ఆట గురించి రెండు వాక్యాలు చేర్చేటప్పుడు జాగ్రత్త కావాలి. రెడ్ ఇండియన్ల ఆట అని రాసిన చిత్ర వ్యాఖ్యలు నేను దిద్దాల్సి వచ్చింది. ఉత్తర అమెరికా మూలవాసులు, ముఖ్యంగా హోదెనోషోనీ ప్రజలు, దీన్ని సృష్టికర్త ప్రసాదించిన ఆటగా భావిస్తారు. వారు అంతర్జాతీయ పోటీల్లో తమ సొంత జాతి పేరుతోనే ఆడతారు. 2010లో మాంచెస్టర్‌లో జరిగిన ప్రపంచ పోటీలకు వారి సొంత పాస్‌పోర్టులను బ్రిటన్ అంగీకరించకపోతే, వేరే దేశపు పాస్‌పోర్టుతో వెళ్లకుండా పోటీనే వదులుకున్నారు. లాక్రాస్ అన్నది తరువాత ఫ్రెంచి వారు పెట్టిన పేరు.

ఇప్పుడు ఈ ఆటకు మా పేజీల్లో చోటు పెరగడానికి కారణం కూడా చెబుతాను. 1904, 1908 ఒలింపిక్స్‌లో పతకాల క్రీడగా ఉండి, ఆ రెండుసార్లూ కెనడాకు స్వర్ణం తెచ్చిపెట్టిన ఈ ఆటను, 2028 లాస్ ఏంజెలిస్ క్రీడల్లోకి తిరిగి తీసుకున్నది 2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే. క్రికెట్ చేరిక మన పతాక శీర్షిక అయింది, అదే తీర్మానంలో ఉన్న లాక్రాస్ లోపలి పేజీలో ఒక పంక్తి అయింది. అక్కడ ఆడబోయేది మీరు తీయబోతున్న ఈ ఆరుగురి పద్ధతే.

వేపచెట్టు నీడ
మరుసటి మంగళవారం, రాత్రి 11:00

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, నిన్నంతా ఎంపిక, వ్యాఖ్యలతోనే గడిచింది.

ముందు ఒప్పందం సంగతి. ఒప్పంద పత్రం గారు చెప్పినట్టే సవరించిన వాక్యం నేనే రాసి పంపాను. గంటన్నరలో జవాబు వచ్చింది. కాపీరైట్ నా వద్దే ఉండడానికి, రెండేళ్ల వాడకానికి, పేరు వేయడానికి ఒప్పుకున్నారు. హోర్డింగు మాట తొలగించమన్నారు. నేను తొలగించనన్నాను. చివరికి ఒక్కో చిత్రానికి విడిగా మాట్లాడుకుందామని రాశారు. అడ్వాన్సు 10,000 శుక్రవారమే జమయింది.

శనివారం మొదటి ఆటలో నేను దాదాపు 600 ఫ్రేములు తీశాను. విరామంలో చూసుకుంటే కర్రలు, మోచేతులు, పిడికిళ్లే తప్ప ముఖాలు లేవు. చేయి ముందుకు వచ్చాకే నొక్కుతున్నానని అర్థమైంది. రెండో ఆట మొదటి క్వార్టరులో కెమెరా ఒళ్లో పెట్టుకుని ఎనిమిది నిమిషాలూ చూస్తూ కూర్చున్నాను. డబ్బిచ్చి పిలిచినవారు చూస్తుండగా ఉత్త చేతులతో కూర్చోవడం కష్టంగానే అనిపించింది, కానీ ఆ ఎనిమిది నిమిషాల తరువాతే చిత్రాలు మారాయి. ఎనిమిదో నంబరు అమ్మాయి విసరబోయే ముందు కింది పెదవి బిగిస్తుంది. పదకొండో నంబరు అమ్మాయి విసురుతున్నట్టు నటించి మళ్లీ చిలకడం మొదలుపెడుతుంది. ఇవి వీడియోలో కనిపించేవి కావు.

మూడు నలభైకి వాన వచ్చింది. అరగంట ఆపి, తగ్గాక మళ్లీ ఆడించారు. గోలు ముందు గడ్డి చెదిరిపోయి ఎర్రమట్టి బయటపడింది. ఆ మట్టిలో పడిన బంతిని ఒక అమ్మాయి పరుగులోనే వంగి, కర్ర తలను నేలకు రాసి తీసుకుంది. లేచి రెండడుగులు వేసి, భుజం మీదుగా విసిరింది. నేను చేయి వెనక్కి వెళ్లగానే నొక్కాను. మూడో ఫ్రేములో బంతి కర్ర వల అంచు దాటుతూ సగం లోపల, సగం బయట ఉంది. తాళ్లన్నీ ఒక వైపుకు సాగి ఉన్నాయి. వాటి నుంచి విడిపోయిన ఎర్రనీటి చుక్కలు ఆమె తల వెనుక నుంచి ముందుకు వంపు తిరిగి వరుసగా నిలిచాయి. ఆమె కళ్లద్దాలు ఆవిరి పట్టి ఉన్నాయి, కుడి అద్దం మీద మాత్రం అంతకు ముందే బొటనవేలితో తుడుచుకున్న చిన్న గుండ్రటి చోటు ఉంది. అందులోంచి ఒక కన్ను కనిపిస్తోంది. 1/2500, ఎఫ్2.8, ఐఎస్ఓ 3200. నా మూడేళ్ల పనిలో నాకు ఇంతకంటే నచ్చిన చిత్రం లేదు.

పురుషుల ఆట వేరే సమస్య. హెల్మెట్ జాలీ వెనుక ముఖం నీడలో ఉంటుంది, కెమెరా కంటిని వెతుకుతూ జాలీ కడ్డీ మీద ఫోకస్ నిలుపుతోంది. కంటి గుర్తింపు ఆపేసి, చిన్న చతురస్రాన్ని ఛాతీ మీది నంబరుపై నిలిపాక కుదిరింది. ఆదివారం ఎండ ఉన్న గంటసేపు సూర్యుడు నా వీపు వెనుక ఉండేలా మూల మార్చాను.

పేర్ల విషయంలో ఉదయరాగం గారి మాట అక్షరాలా నిజమైంది. ప్రతి ఆటకు ముందు జట్టు జాబితా కాగితాన్నే మొదటి ఫోటోగా తీశాను, తరువాత అమ్మాయిలను వరుసగా నిలబెట్టి వీపుల మీది నంబర్లు తీశాను. అయినా ఒక జట్టులో ఇద్దరు వాన తరువాత పొడి జెర్సీలు మార్చుకున్నారు. శనివారం రాత్రి పంపిన మొదటి విడతలో రెండు చిత్రాలకు తప్పు పేర్లు వెళ్లాయి. ఆదివారం ఉదయం వారి కోచ్ చెప్పగానే దిద్ది మళ్లీ పంపాను, కానీ అప్పటికే ఒకటి నిర్వాహకుల పేజీలో వెళ్లిపోయింది. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాను. ఇకపై విరామం తరువాత కూడా మరోసారి వీపులు తీస్తాను.

మొత్తం 4,100 ఫ్రేములు, ఇచ్చినవి 260.

గోలు గడప
బుధవారం, మధ్యాహ్నం 12:40

మీరు నాకు విడిగా పంపిన ఆ ఎర్రనీటి చిత్రాన్ని నా పాత జట్టు స్నేహితులకు చూపించాను. నేల బంతి కోసం వంగేటప్పుడు రెండు చేతులూ కర్ర మీదనే ఉండాలని మా కోచ్ రోజూ చెప్పేవారు. ఆ అమ్మాయి అలాగే వంగి లేచిందని, చుక్కలు ఎగసిన తీరులోనే తెలుస్తోంది.

ఒక చిన్న విన్నపం. 260 చిత్రాల్లో గోల్‌కీపర్లవి ఎన్ని? గోలు ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. ఆ చతురస్రంలో నిలబడి ఎదుటివారి చేయి వెనక్కి వెళ్లిన క్షణాన ఎటు అడుగు వేయాలో నిర్ణయించుకోవడమే నా ఆటంతా. నన్ను రెండేళ్లలో ఒక్కరు కూడా ఎదురుగా తీయలేదు, నా దగ్గర ఉన్నవన్నీ నా వీపు మీదుగా గోలు పడుతున్న చిత్రాలే.

వేపచెట్టు నీడ
బుధవారం, రాత్రి 9:50

లెక్క చూశాను, పంతొమ్మిది ఉన్నాయి. అందులో ఎదురుగా తీసినవి నాలుగే, తక్కువేనని ఒప్పుకుంటున్నాను. ఆ నాలుగింటిలో ఒకటి ఆదివారం సెమీఫైనల్లోది. గోల్‌కీపర్ ఎడమ కాలు పక్కకు వేసి, కర్ర తల నేలకు ఆనించి ఉంది, బంతి ఆమె షూ ముందు అంగుళం దూరంలో కర్ర వలకు తగులుతోంది. జాలీ వెనుక నోరు తెరుచుకుని ఉంది.

ఈ సాయంత్రం ఆమె తల్లి ఫోన్ చేశారు, హిందూపురం వారు. కూతురు ఆడే ఆట ఏమిటో ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పలేకపోతున్నానని, గోడకు పెట్టుకునే సైజులో ఒకటి కావాలని అడిగారు. 12 అంగుళాలు, 18 అంగుళాల కాగితానికి ఆ ఫ్రేము బాగా సరిపోతుంది, కొద్దిగా నూక తగ్గించి రేపు ఉదయం ల్యాబ్‌లో ఇస్తున్నాను. కింద అంచున ఆమె పేరు, జట్టు, తేదీ తెలుగులో ముద్రించమన్నాను. పేరు రాతలో తప్పు లేకుండా తల్లి చేతనే వాట్సాప్‌లో రాయించుకున్నాను.